టెక్సాస్‌లో ఉద్యోగం పోయిన తండ్రి, చైల్డ్ సపోర్ట్ బకాయి 9,200 డాలర్లు: సాయం ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్లానో_వాలంటీర్:

అందరికీ నమస్తే. లేఆఫ్ అయిన తెలుగువాళ్ళకి చేతనైన సాయం చేసే చిన్న గుంపు మాది. రెజ్యూమేలు దిద్దడం, రూమ్ చూసిపెట్టడం అలవాటే గానీ ఈ తరహా కేసు మాకు కొత్త. మనిషిని గుర్తుపట్టకుండా వివరాలు కొంచెం మార్చి రాస్తున్నాను.

డాలస్ చుట్టుపక్కల కౌంటీలో 2024లో విడాకులు. ఎనిమిదేళ్ళ బాబు, తల్లి దగ్గర ఉంటాడు. తండ్రి బాబు పోషణకి (చైల్డ్ సపోర్ట్) నెలకి 1,840 డాలర్లు కట్టాలని కోర్టు ఆర్డర్. ఆయనకి గ్రీన్ కార్డ్ ఉంది. ఉద్యోగం పోయాక ఐదు నెలలు ఖాళీ. ఆ ఐదు నెలలూ తల్లికి నేరుగా జెల్‌లో (Zelle, బ్యాంకు ఖాతాకి డబ్బు పంపే యాప్) నెలకి 500 పంపాడు. పోయిన నెలలో వేర్‌హౌస్‌లో చేరాడు, పన్నులు పోను నెలకి 3,000 దాకా వస్తుంది. మొదటి జీతంలోనే సగం కోసేశారు. పైగా అటార్నీ జనరల్ ఆఫీస్ (టెక్సాస్‌లో చైల్డ్ సపోర్ట్ వసూలు చూసే ప్రభుత్వ ఆఫీస్) నుంచి 9,200 బకాయి అని ఉత్తరం. ఆయనేమో ‘2,500 పంపాను కదా, 6,700 కదా ఉండాలి’ అంటున్నాడు.

మంచి ఉద్యోగం దొరికాక అన్నీ ఒకేసారి సర్దుకుంటానని ఆయన ఆలోచన. మేము ముందు ఏం చేయించాలి? లైసెన్స్, జైలు అంటూ చుట్టూ ఉన్నవాళ్ళు భయపెడుతున్నారు, అందులో నిజమెంత?

కేటీ_పారాలీగల్:

‘ఉద్యోగం దొరికాక సర్దుకుంటా’ అనే ఆలోచనని ఈ రోజే మాన్పించండి. మిగతావన్నీ దాని తర్వాతే.

జీతం తగ్గింది కదా అని ఆర్డర్ తనంతట తాను తగ్గదు. కోర్టు మార్చేదాకా నెల తిరిగేసరికి 1,840 మీద పడుతూనే ఉంటుంది. 1986లో వచ్చిన బ్రాడ్లీ సవరణ ప్రకారం, గడువు దాటిన ప్రతి వాయిదా అప్పటికప్పుడే కోర్టు తీర్పుతో సమానం. తర్వాత ఏ జడ్జికి ఎంత జాలి కలిగినా వెనక్కి వెళ్ళి దాన్ని తగ్గించే వీల్లేదు. టెక్సాస్ ఫ్యామిలీ కోడ్ ఇంకా స్పష్టంగా చెబుతుంది: మోడిఫికేషన్ (ఆర్డర్ మార్చమని అడిగే) కాగితాలు అవతలి పక్షానికి సర్వ్ అయిన (అధికారికంగా అందిన) రోజు, లేదా వాళ్ళు కేసులో హాజరైన రోజు, ఈ రెండిట్లో ఏది ముందైతే అప్పటినుంచి పడే వాయిదాలనే తగ్గించొచ్చు.

ఇప్పుడు లెక్క చూడండి. ఒక్క పిల్లాడికి గైడ్‌లైన్ (చట్టం చెప్పే ప్రామాణిక లెక్క) నెట్ రిసోర్సెస్‌లో, అంటే పన్నులు వగైరా పోను మిగిలే ఆదాయంలో, 20 శాతం. పాత ఆర్డర్ 1,840 అంటే లెక్కలోకి తీసుకునే నెలాదాయానికి అప్పటి గరిష్ఠ పరిమితి 9,200 మీద 20 శాతం వేశారన్నమాట. (బకాయి కూడా సరిగ్గా 9,200 కావడం కాకతాళీయం, ఐదు 1,840లు.) ఇప్పటి 3,000 మీద అదే 20 శాతం వేస్తే 600. తేడా నెలకి 1,240. కాగితాలు సర్వ్ చేయడం ఒక నెల ఆలస్యమైతే 1,240 శాశ్వతంగా నెత్తిన పడుతుంది. లాయర్‌కి డబ్బులు పోగేసుకుంటూ మూడు నెలలు కూర్చుంటే 3,720 పోతుంది.

దారులు రెండు. ఒకటి, అటార్నీ జనరల్ చైల్డ్ సపోర్ట్ డివిజన్‌లో రివ్యూకి పెట్టుకోవడం. పైసా ఖర్చు లేదు, కానీ నెలలు పడుతుంది. చాలామంది బోల్తా పడేది ఇక్కడే: రివ్యూ అడిగిన తేదీ వేరు, కాగితాలు సర్వ్ అయిన తేదీ వేరు. పోర్టల్‌లో ‘రిక్వెస్ట్ అందింది’ అని చూసి నిశ్చింతగా ఉంటారు, పాత మొత్తం నడుస్తూనే ఉంటుంది. ఇంకో మాట, ఆ ఆఫీస్ లాయర్లు రాష్ట్రం తరఫువాళ్ళు. తండ్రి లాయర్లూ కారు, తల్లి లాయర్లూ కారు.

రెండోది, సొంతంగా వేయడం. విడాకులిచ్చిన కోర్టులోనే, పాత కాజ్ నంబర్ (కోర్టు కేసు నంబర్) కిందే, మోడిఫికేషన్ పిటిషన్. టెక్సాస్ లా హెల్ప్ సైట్‌లో ఫారాలు సూచనలతో సహా ఉచితం. ఈఫైల్ టెక్సాస్‌లో ఇంటినుంచే వేయొచ్చు. ఫీజు కట్టలేకపోతే ‘కోర్టు ఖర్చులు భరించలేను’ అనే స్టేట్‌మెంట్ ఫారం ఉంటుంది, దాన్ని పిటిషన్‌తో పాటే పెట్టాలి. అటార్నీ జనరల్ ఆఫీస్ నుంచి ఉత్తరం వచ్చిందంటే వాళ్ళు కేసులో ఉన్నట్టే, కాబట్టి తల్లితో పాటు వాళ్ళకీ కాగితాలు అందాలి. ఇది మర్చిపోయి ఆఖరి రోజున వెనక్కి వచ్చే కేసులు కొల్లలు.

తల్లికి సర్వీస్ కానిస్టేబుల్ ద్వారా గానీ ప్రైవేట్ ప్రాసెస్ సర్వర్ (కోర్టు కాగితాలు అందించే మనిషి) ద్వారా గానీ చేయించాలి. తండ్రి స్వయంగా ఇస్తే చెల్లదు. అందిన 20 రోజుల తర్వాత వచ్చే సోమవారం ఉదయం 10 గంటల్లోపు ఆమె జవాబు వేయాలి.

కారణం కింద ‘పరిస్థితుల్లో గణనీయమైన మార్పు’ అని చూపించాలి. పాత ఆర్డర్‌కి మూడేళ్ళు నిండి, గైడ్‌లైన్‌తో 20 శాతమో 100 డాలర్లో తేడా ఉంటే సరిపోయే మార్గం ఒకటుంది గానీ 2024 ఆర్డర్‌కి అది ఇంకా కుదరదు. పైగా మీడియేషన్‌లో గైడ్‌లైన్‌కి భిన్నమైన మొత్తానికి ఒప్పుకుని ఉంటే మూడేళ్ళ తర్వాత కూడా ఆ మార్గం ఉండదు. ఐటీవాళ్ళ విడాకుల్లో ఇది తరచూ ఉంటుంది, డిక్రీ (విడాకుల తీర్పు) ఒకసారి చదివి చూడండి.

తోడు పెట్టాల్సినవి: లేఆఫ్ ఉత్తరం, గత రెండేళ్ళ టాక్స్ రిటర్న్‌లు, ఇప్పటి పేస్టబ్‌లు (జీతం స్లిప్పులు), ఆదాయం ఖర్చుల స్టేట్‌మెంట్. వీటన్నిటికన్నా ముఖ్యం ఉద్యోగాలకి అప్లై చేసిన చిట్టా. తేదీ, కంపెనీ, పోస్టు, వచ్చిన జవాబు, ఇంతే, ఎక్సెల్‌లో చాలు. ఎందుకంటే టెక్సాస్ చట్టంలో ‘కావాలని ఖాళీగా ఉండటం, కావాలని తక్కువ జీతానికి చేయడం’ అనే నిబంధన ఉంది. అలా అని జడ్జి నమ్మితే 3,000 మీద కాదు, ఆయన సంపాదించగలిగే జీతం మీద లెక్క వేస్తారు. ఇంజనీర్ వేర్‌హౌస్‌లో ఎందుకున్నాడు అన్నది అవతలి లాయర్ అడిగే మొదటి ప్రశ్న. చిట్టా దానికి జవాబు.

ఒక హెచ్చరిక కూడా. 2025 సెప్టెంబర్ 1 నుంచి పరిమితి 9,200 నుంచి 11,700కి పెరిగింది. కేసు నడుస్తుండగా మంచి జీతంతో ఉద్యోగం వస్తే లెక్క 2,340 దాకా పోవచ్చు. సెవరెన్స్ (ఉద్యోగం తీసేసినప్పుడు కంపెనీ ఇచ్చే డబ్బు), నిరుద్యోగ భృతి కూడా ఆదాయం కిందికే వస్తాయి, ఏదైనా అందుతుంటే దాచొద్దని చెప్పండి.

లెక్కల_మాస్టారు:

పైన చెప్పింది అక్షరాలా నిజం. నేను జెల్ గొడవా, జీతంలో కోతా చెబుతాను.

ఆర్డర్‌లో డబ్బు స్టేట్ డిస్బర్స్‌మెంట్ యూనిట్ (చైల్డ్ సపోర్ట్ డబ్బు తీసుకుని తల్లికి పంపే రాష్ట్ర విభాగం) ద్వారా కట్టమని రాసి ఉంటుంది. అక్కడికి రాని డాలరు రికార్డులో లేనట్టే. తల్లి చేతికిచ్చింది, కొనిచ్చిన సైకిల్, కట్టిన డేకేర్ ఫీజు, జెల్, అన్నీ కానుక కింద పోయే ప్రమాదం ఉంది. అందుకే ఉత్తరంలో 9,200. అయితే 2,500 పూర్తిగా పోయిందని ఇప్పుడే అనుకోనక్కర్లేదు. ‘ఈ ఐదు చెల్లింపులూ చైల్డ్ సపోర్ట్ కింద నాకు అందాయి’ అని తల్లి రాతపూర్వకంగా ఒప్పుకుంటే లెక్కలో వేయించుకునే వీలుంటుంది. బ్యాంక్ స్టేట్‌మెంట్లు దింపి పెట్టుకోమనండి. ఇకమీదట జెల్ మాత్రం బంద్. కట్టే ప్రతి పైసా కేసు నంబర్‌తో యూనిట్‌కే వెళ్ళాలి.

ఇక కోత. ఫెడరల్ చట్టం చైల్డ్ సపోర్ట్ కోసం చేతికొచ్చే జీతంలో 50 నుంచి 65 శాతం దాకా కోయనిస్తుంది. వేరే భార్యనో బిడ్డనో పోషిస్తుంటే 50, లేకపోతే 60, 12 వారాలు దాటిన పాత బకాయి ఉంటే మరో 5 శాతం. టెక్సాస్ తన చట్టంలో 50 దగ్గరే ఆపింది. అంటే 3,000లో 1,500. యజమాని అంతకన్నా కోయడు.

ఇందులో ఉన్న గుంట ఎవరికీ కనపడదు. ఆర్డర్ 1,840, కోసింది 1,500. మిగతా 340 ప్రతి నెలా బకాయిలో చేరుతుంది. ‘సగం జీతం పోతోంది కదా, కడుతున్నట్టే’ అని మనిషి నమ్ముతాడు, ఏడాది తిరిగేసరికి ఇంకో 4,080 పెరిగి ఉంటుంది. దానిపైన టెక్సాస్‌లో బకాయికి ఏడాదికి 6 శాతం సాధారణ వడ్డీ. 9,200 మీద ఏడాదికి 552, నెలకి 46. (కాలిఫోర్నియాలో 10 శాతం, అక్కడి మిత్రులు ఇది ఇంకా సీరియస్‌గా తీసుకోవాలి.)

ఉద్యోగం మారిన ప్రతిసారీ ఇంకో చిక్కు. కొత్త కంపెనీకి విత్‌హోల్డింగ్ ఆర్డర్ (జీతంలో కోయమనే ఆదేశం) చేరి, కోత మొదలవడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ మధ్యలో ‘వాళ్ళే కోస్తారులే’ అని ఊరుకోకూడదు, తనే కట్టాలి. ఊబర్, డోర్‌డ్యాష్ లాంటి పనుల్లో జీతం కోసేవాళ్ళే ఉండరు. అక్కడ ప్రతి డిపాజిట్ పడిన రోజే కొంత పక్కన పెట్టకపోతే నెలాఖరుకి ఏమీ మిగలదు.

టాక్స్ రీఫండ్ సంగతి కూడా చెప్పండి. తల్లి ప్రభుత్వ నగదు సాయం తీసుకోని కేసుల్లో బకాయి 500 దాటితే ఫెడరల్ రీఫండ్‌ని పట్టుకుంటారు. ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకుని జాయింట్‌గా ఫైల్ చేస్తే కొత్త భార్య వాటా కూడా అందులో చిక్కుకుంటుంది. ఆమె 8379 నంబర్ ఫారం వేసి తన భాగం అడగొచ్చు, అయితే టెక్సాస్ కమ్యూనిటీ ప్రాపర్టీ (పెళ్ళయ్యాక వచ్చే ఆదాయం ఇద్దరిదీ అనే) రాష్ట్రం కాబట్టి వాటా లెక్క సూటిగా ఉండదు.

గచ్చిబౌలి_గాలి:

ఇంత తలనొప్పెందుకండీ, ఇండియా వెళ్ళిపోతే అక్కడిదాకా వచ్చి ఎవరు వసూలు చేస్తారు?

కేటీ_పారాలీగల్:

@గచ్చిబౌలి_గాలి, ఈ సలహా ఎవరికీ ఇవ్వకండి, దయచేసి.

ఇండియా, అమెరికాల మధ్య చైల్డ్ సపోర్ట్ వసూలుకి ఒప్పందం లేదన్నంతవరకు మీ మాట నిజమే. చైల్డ్ సపోర్ట్ వసూలు మీద దేశాల మధ్య కుదిరిన 2007 హేగ్ కన్వెన్షన్‌లో ఇండియా లేదు, మన సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఎ కింద అమెరికా రెసిప్రొకేటింగ్ టెరిటరీ (తీర్పులు ఇక్కడ నేరుగా అమలయ్యే దేశం) కాదు. కానీ వసూలు కష్టమైతే అప్పు ఆగినట్టు కాదు. నెలకి 1,840, పైన వడ్డీ, టెక్సాస్‌లో లెక్క నడుస్తూనే ఉంటుంది. బిడ్డకి 18 నిండినా పాత బకాయి పోదు. దివాలా తీసినా పోదు. హైదరాబాద్ ఫ్యామిలీ కోర్టు ఆ ఆర్డర్‌ని తగ్గించలేదు. తల్లీ బిడ్డా టెక్సాస్‌లో ఉన్నంతకాలం మార్చే అధికారం టెక్సాస్ కోర్టుదే. ఆయన న్యూజెర్సీకి మారినా అంతే.

వసూలు కష్టమే కావచ్చు, కేసు ఫెడరల్ నేరంగా మారే దారి మాత్రం అక్కడే తెరుచుకుంటుంది. బకాయి 5,000 డాలర్లు దాటాకో, ఏడాదికి మించి కట్టకుండానో, ఎగ్గొట్టే ఉద్దేశంతో దేశం దాటితే శిక్ష వేసే చట్టం ఉంది. ఈయనకి ఇప్పటికే 9,200. గ్రీన్ కార్డ్ మనిషి రేపు సిటిజన్‌షిప్‌కి ఎన్‌-400 వేస్తే, పిల్లల పోషణ కావాలని ఎగ్గొట్టాడా అన్నది సత్ప్రవర్తన కింద చూస్తారు. ఇక్కడ కీలకం ‘కావాలని’ అన్న మాట. మోడిఫికేషన్ వేసి, చేతనైనంత కడుతూ రికార్డు పెట్టుకున్నవాడి ఫైలు వేరు, పారిపోయినవాడి ఫైలు వేరు.

బకాయి 2,500 దాటితే పాస్‌పోర్ట్ ఆపుతారు అని కొందరు చెప్పేది అమెరికన్ పాస్‌పోర్ట్ గురించి. ఈయనది ఇండియన్ పాస్‌పోర్ట్ అయితే అది వర్తించదు. సిటిజన్ అయినవాళ్ళు మాత్రం గుర్తుంచుకోండి, ఒకసారి ఆ జాబితాలోకి ఎక్కాక తర్వాత కొంత కట్టి బకాయి 2,500 కిందికి దించినంత మాత్రాన పేరు దానంతటది తొలగదు, రాష్ట్ర ఏజెన్సీ తీసేయమని చెప్పాలి.

మధ్యవర్తి_ఆస్టిన్:

లైసెన్స్, జైలు భయాల గురించి అడిగారు. రెండూ ఉన్నాయి, రెండూ ఒక్క రోజులో వచ్చి పడవు.

డ్రైవింగ్ లైసెన్స్: మూడు నెలలు లేదా అంతకన్నా ఎక్కువ బకాయి ఉంటే సస్పెన్షన్ మొదలుపెట్టొచ్చు. ఈయన ఆ గీత దాటేశాడు. అయితే ముందు నోటీసు వస్తుంది. జనం చేసే పెద్ద తప్పు ఆ కవరు విప్పకపోవడం. రీపేమెంట్ ప్లాన్‌కి ఒప్పుకుని దాన్ని పాటిస్తే సస్పెన్షన్ ఆపించుకోవచ్చు. ప్లాన్‌కి వెళ్ళేటప్పుడు నిజంగా కట్టగలిగే అంకె చెప్పాలి. భయంతో 400 ఒప్పుకుని రెండో నెలలో తప్పడం కన్నా 75 ఒప్పుకుని ఏడాదంతా కట్టడం మేలు. వేర్‌హౌస్‌కి కారు లేకుండా వెళ్ళలేని ఊళ్ళో లైసెన్స్ పోతే ఉద్యోగం పోతుంది, ఉద్యోగం పోతే బకాయి పెరుగుతుంది. ఈ వాదన కేస్‌వర్కర్‌కి సూటిగా చెప్పొచ్చు, వాళ్ళకీ తెలిసిన సంగతే.

జైలు: కోర్టు ధిక్కారం కింద టెక్సాస్‌లో ఆరు నెలల దాకా వేయొచ్చు. 2011లో టర్నర్ వర్సెస్ రోజర్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన దాని సారం: సివిల్ ధిక్కారంలో కట్టే శక్తి ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న, దాన్ని తేల్చకుండా లోపల వేయకూడదు. కానీ టెక్సాస్‌లో ‘కట్టలేకపోయాను’ అని నిరూపించుకునే భారం తండ్రిదే, దానికి నాలుగు మెట్లున్నాయి. కట్టే శక్తి లేదు. అమ్మడానికో తాకట్టుకో ఆస్తి లేదు. అప్పుకి ప్రయత్నించినా పుట్టలేదు. డబ్బు పుట్టే మరో న్యాయమైన దారేదీ తెలియదు. నాలుగూ కావాలి. అందుకే బ్యాంక్ లోన్ తిరస్కరించిన ఈమెయిల్, క్రెడిట్ యూనియన్ జవాబు పారేయకండి. అవి చెత్తలా కనిపిస్తాయి గానీ మూడో మెట్టుకి ఆధారం అవే. గ్యారేజీలో రెండో కారు ఉంచుకుని, ఇండియాలో ప్లాటుకి ఈఎంఐ కడుతూ ‘డబ్బుల్లేవు’ అంటే రెండో మెట్టులోనే జారతారు. జైలు అవకాశం ఉన్న విచారణలో లాయర్‌ని పెట్టుకునే స్తోమత లేకపోతే కోర్టు ఒకరిని నియమిస్తుంది, అడగడం మర్చిపోకూడదు. విచారణకి వెళ్ళకపోవడం మాత్రం ఘోరమైన తప్పు. కట్టలేనివాడికి కోర్టులో చోటుంది, రానివాడికి వారెంటే.

ఉద్యోగ సాయం సంగతి. టెక్సాస్‌లో ఎన్‌సీపీ (బిడ్డ తన దగ్గర ఉండని తల్లి లేదా తండ్రి) చాయిసెస్ అని వర్క్‌ఫోర్స్ కమిషన్, అటార్నీ జనరల్ ఆఫీస్ కలిసి నడిపే కార్యక్రమం ఉంది. పని లేక కట్టలేకపోతున్న తల్లిదండ్రుల్ని కోర్టు అందులోకి పంపుతుంది, హాజరు తప్పితే విషయం మళ్ళీ జడ్జి ముందుకే పోతుంది. నా అభిప్రాయం, సాఫ్ట్‌వేర్ మనిషికి అక్కడ దొరికే ఉద్యోగాలు పెద్దగా పనికిరావు. కానీ హాజరు రికార్డు జడ్జి దగ్గర బాగా పనిచేస్తుంది. ఇలాంటి కార్యక్రమాల మీద అతిగా ఆశ పెట్టుకోవద్దని కూడా చెప్పాలి. 2012లో మొదలై ఎనిమిది రాష్ట్రాల్లో నడిచిన ఫెడరల్ ప్రయోగం ఒకటుంది. ఆర్డర్ మొత్తాలు ఆదాయానికి తగ్గట్టు దిగాయి, ఏజెన్సీ మీద తండ్రుల కోపం తగ్గింది, చేతికందిన చెల్లింపులు మాత్రం పెద్దగా పెరగలేదు. నాకైతే అది అర్థమయ్యేదే: కట్టగలిగే అంకె ముందు ఉండాలి.

బాబుని చూపించడం లేదని కట్టడం ఆపేశానని కొందరంటారు. కోర్టు దృష్టిలో అవి రెండు వేర్వేరు విషయాలు. కట్టకపోతే చూపించననడం ఆమె తప్పు, చూపించకపోతే కట్టననడం ఈయన తప్పు. దానికి వేరే అర్జీ వేసుకోవాలి.

ప్లానో_వాలంటీర్:

చాలా థ్యాంక్స్ అండి. ఆయనతో మాట్లాడాము. తల్లి కూడా సానుకూలంగానే ఉందట. ‘నెలకి 700 ఇవ్వు చాలు, జెల్ డబ్బులు కూడా లెక్కలో వేయిస్తా’ అందట. ఇద్దరూ ఒక కాగితం మీద రాసుకుని నోటరీ చేయించుకుంటే సరిపోదా? బాబు ఇన్సూరెన్స్ కూడా పాత కంపెనీదే, అది పోయింది.

కేటీ_పారాలీగల్:

సరిపోదు. జడ్జి సంతకం లేని ఒప్పందానికి విలువ లేదు. నోటరీ ముద్ర సంతకం ఎవరిదో చెబుతుంది, అంతే. రేపు మాట తేడా వస్తే 1,840 చొప్పునే లెక్క కడతారు.

కానీ ఆమె ఒప్పుకోవడం గొప్ప అదృష్టం, వాడుకోండి. పిటిషన్ వేశాక ఆమె వేవర్ ఆఫ్ సర్వీస్ (కాగితాలు సర్వ్ చేయనక్కర్లేదని ఒప్పుకునే పత్రం) మీద నోటరీ ముందు సంతకం పెట్టొచ్చు, కానిస్టేబుల్ ఖర్చూ ఆలస్యమూ ఉండవు. వరస మాత్రం తప్పకూడదు: ముందు పిటిషన్ ఫైల్ కావాలి, ఆ మర్నాడో తర్వాతో సంతకం. చాలామంది ఒకే రోజు ఒకే నోటరీ దగ్గర అన్నీ కానిచ్చేసి తర్వాత వేవర్ చెల్లక మళ్ళీ మొదటికి వస్తారు. సంతకమైన వేవర్‌ని వెంటనే కోర్టులో ఫైల్ చేయండి, డ్రాయర్లో ఉంటే హాజరైనట్టు కాదు.

ఆ తర్వాత ఇద్దరూ అంగీకరించిన ఆర్డర్ ముసాయిదా. అందులో నెలకి 700, ఎప్పటినుంచి అన్న తేదీ, నిర్ధారించిన బకాయి ఎంత, దాని మీద నెలకి ఎంత, ఇవన్నీ అంకెల్లో ఉండాలి. జెల్ 2,500ని తల్లి ఒప్పుకున్నట్టు అక్కడే రాయించి, బకాయిని 6,700గా చూపించమని అడగండి. అటార్నీ జనరల్ ఆఫీస్ సంతకం కూడా కావాల్సి వస్తుంది, కాబట్టి ముసాయిదా వాళ్ళకి ముందే పంపండి. 700 గైడ్‌లైన్ 600 కన్నా ఎక్కువే కనుక జడ్జికి అభ్యంతరం ఉండే అవకాశం తక్కువ. కొత్త ఆర్డర్‌తో పాటు కొత్త విత్‌హోల్డింగ్ ఆర్డర్ వేర్‌హౌస్‌కి వెళ్ళిందో లేదో అడిగి చూసుకోండి. లేకపోతే వాళ్ళు పాత కాగితం ప్రకారం 1,500 కోస్తూనే ఉంటారు.

ఇన్సూరెన్స్: టెక్సాస్ ఆర్డర్‌లో మెడికల్ సపోర్ట్ విడిగా ఉంటుంది, అది ఆగదు. కవరేజ్ పోయినప్పటినుంచి మార్కెట్‌ప్లేస్‌లో చేరడానికి 60 రోజుల గడువు, అది దాటిపోయినట్టుంది. వేర్‌హౌస్‌లో బెనిఫిట్స్ ఎప్పుడు మొదలవుతాయో హెచ్‌ఆర్‌ని అడగమనండి. అక్కడ లేకపోతే తల్లి ప్లాన్‌లో బాబుని చేర్చి, ఆ ప్రీమియం తండ్రి కట్టేలా ఆర్డర్‌లో రాసుకోవచ్చు. చట్టం ప్రకారం ఆ ఖర్చు తండ్రి ఆదాయంలో 9 శాతం దాటకూడదు, డెంటల్‌కి 1.5 శాతం. పిటిషన్‌లో ఈ మార్పు కూడా అడిగినట్టు గడి టిక్ పెట్టండి.

ప్లానో_వాలంటీర్:

పిటిషన్ ఈ రాత్రే ఈఫైల్ చేయిస్తున్నాం. వేవర్ ఎల్లుండికి నోటరీ.

కేటీ_పారాలీగల్:

ఫైల్ అయ్యాక క్లర్క్ యాక్సెప్ట్ చేసినట్టు ఈమెయిల్ వస్తుంది, అది వచ్చాకే నోటరీకి వెళ్ళండి. రిజెక్ట్ అయితే కారణం అందులోనే రాస్తారు. చాలాసార్లు కాజ్ నంబర్ తప్పుగా కొట్టడమో, ఫీజు స్టేట్‌మెంట్ జత చేయకపోవడమో అయ్యుంటుంది.

మధ్యవర్తి_ఆస్టిన్:

కొత్త ఆర్డర్ మీద సంతకం పడేదాకా కోత 1,500 అలాగే ఉంటుంది. పాత 1,840కి ఆ మధ్యలో తగ్గేది 340. తగ్గింపు వేవర్ తేదీ నుంచి ఇవ్వమని అడిగితే, జడ్జి ఒప్పుకున్నప్పుడు, ఆ తేదీ తర్వాత 700కి మించి కోసిన డబ్బు పాత బకాయికి జమ కావాలి. ఆ వాక్యం కూడా ముసాయిదాలో రాయించండి, తర్వాత అడిగితే ఎవరూ పట్టించుకోరు.